గేజీ అబద్ధం చెప్పలేదు, మేమే ఆలస్యంగా అడిగాం: ట్రాక్ డే టైర్ ప్రెషర్ల మీద ఒక కేసు

ట్రాక్ డేలకు, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజులకు, వచ్చేవాళ్ల పక్క సీట్లో కూర్చుని డ్రైవింగ్ చూడటం, మధ్యమధ్య టైర్లు, బ్రేకులు చూసి సలహా చెప్పడం నా పని. ఈ కేసులో మొదటి రోజు సగం దాకా తప్పు చేసింది నేనే. అందుకే రాస్తున్నాను. డ్రైవరెవరో, కారు ఏ మోడలో, ట్రాక్ ఎక్కడిదో వదిలేశాను. అంకెలు మాత్రం నా నోటుపుస్తకంలోవే, కాస్త గుండ్రం చేశాను.

కారు, మనిషి

కారు ముందు చక్రాలతో నడిచే హ్యాచ్‌బ్యాక్, బరువు 1200 కిలోల పైచిలుకు. సస్పెన్షన్ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం, వెనక టార్షన్ బీమ్ రకం, కంపెనీ ఇచ్చినదే. టైర్లు మాత్రం కొత్తవి, 200 ట్రెడ్‌వేర్ రకం, అంటే త్వరగా అరిగినా పట్టు ఎక్కువిచ్చే మెత్తటి రబ్బరు. డోర్ పక్కన అతికించిన స్టిక్కర్ ప్రకారం చల్లటి ప్రెషర్ ముందు 33, వెనక 32 పీఎస్ఐ. ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. కుడి మలుపులు ఎక్కువ కాబట్టి భారమంతా ఎడమ టైర్ల మీద, అందులోనూ ఎడమ ముందు టైరు మీద పడుతుంది.

డ్రైవరుకు ఇది నాలుగో ట్రాక్ డే. చేయి నిలకడగా ఉంది, బ్రేకు వేసే చోటు ప్రతి ల్యాపులోనూ దాదాపు ఒకటే. ఇది ముఖ్యమైన సంగతి. ల్యాపుకో రకంగా నడిపేవాళ్ల కారులో ప్రెషర్ ఒక పీఎస్ఐ మార్చి ఫలితం వెతకడం వృథా.

ఫిర్యాదు

"మొదటి రెండు ల్యాపులు బ్రహ్మాండంగా ఉంటుంది సార్. మూడో ల్యాపు నుంచి ముందు భాగం జారిపోతోంది. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు బయటికే పోతోంది. సబ్బు నీళ్ల మీద నడుపుతున్నట్టుంది."

నాలుగు టైర్లలోనూ చల్లగా ఉన్నప్పుడే 38 పెట్టుకుని వచ్చాడు. ఎందుకని అడిగితే, "ట్రాక్ మీద గాలి ఎక్కువుండాలి అన్నారు" అన్నాడు. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మామూలు కారులో మామూలు టైరు మలుపులో పక్కకు ఒరిగి, అంచు మీద నడుస్తుంది. గాలి పెంచితే ఆ ఒరుగుడు తగ్గుతుంది. పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి నిమిషం పాటు నడిపే పోటీల్లో ఆ సలహా పనికొస్తుంది, ఎందుకంటే టైరు వేడెక్కేలోపే పరుగు అయిపోతుంది. ఇరవై నిమిషాల సెషన్‌లో అదే సలహా ఎదురు తిరుగుతుంది.

ఇంకో నమ్మకం కూడా ఉంది అతనికి. నైట్రోజన్ పట్టించాడు కాబట్టి ప్రెషర్ పెరగదట. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి నైట్రోజనూ పొడి గాలీ దాదాపు ఒకేలా పెరుగుతాయి. తేడా తెచ్చేది కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరి గాలితో పాటు టైరులోకి వెళ్లే తేమ. నైట్రోజన్ పొడిగా ఉంటుంది కాబట్టి పెరుగుదల లెక్కకు అందుతుంది. అంతవరకే దాని లాభం.

మొదటి ప్రయత్నం: గాలి తీశాం

ఉదయం 24 డిగ్రీలు. మొదటి సెషన్ అయ్యాక కారు తిరిగొచ్చింది. బ్రేకులు చల్లారడానికి ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి, పిట్ లేన్‌లో (ట్రాక్ నుంచి కార్లు లోపలికొచ్చే దారిలో) వరుసలో ఆగి, తన చోటికి చేరి, నేను ఇంకో కారు దగ్గర నుంచి గేజీ పట్టుకుని వచ్చేసరికి మొత్తం ఎనిమిది నిమిషాలు. ఎడమ ముందు టైరు 43 చూపించింది.

వేడి మీద 36 దగ్గర ఉండాలని నా ఉద్దేశం. ఈ రకం టైర్లు ఈ బరువు కార్ల మీద 33 నుంచి 37 మధ్య బాగా పని చేయడం చాలాసార్లు చూశాను. 43 నుంచి 36కు దించాను. మిగతా మూడింటినీ అలాగే.

వేడి కొలిచే పైరోమీటరు సూది గుచ్చి ట్రెడ్ (రోడ్డుకు తగిలే రబ్బరు) వేడి కూడా చూశాను. లోపలి వైపు 51, మధ్యలో 56, బయటి వైపు 57. తేడా ఆరు డిగ్రీలే కదా అని రాసుకుని వదిలేశాను. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. మూడు ల్యాపుల కిందట సబ్బు నీళ్లలా జారేంత వేడెక్కిన టైరు ట్రెడ్ 56 డిగ్రీలు ఎలా ఉంటుంది? ఉంటే గింటే తొంభై దరిదాపుల్లో ఉండాలి. అంటే నేను చూస్తున్నది ట్రాక్ మీది టైరును కాదు, చల్లారిన టైరును. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంది నా కొలత. ఆ అంకె ఆ మాట చెబుతూనే ఉంది, నేను తేడాలు చూశానే తప్ప అంకెను చూడలేదు.

రెండో సెషన్‌లో కారు కాస్త మెరుగైంది. జారుడు మూడో ల్యాపు బదులు నాలుగో ల్యాపులో మొదలైంది. మళ్లీ అదే వరుస, అదే ఆలస్యం, గేజీ పెడితే సరిగ్గా 36. నా లెక్క కుదిరిందని మురిసిపోయాను. ఒకే తప్పును ఒకే పద్ధతిలో రెండుసార్లు చేస్తే రెండు కొలతలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయని అప్పుడు తట్టలేదు.

రెండో ప్రయత్నం: గాలి పెంచాం, చెడింది

ఈ టైరు పక్కగోడకూ ట్రెడ్‌కూ మధ్య చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. మలుపులో టైరు ఎంతవరకు ఒరుగుతోందో చెప్పే గుర్తుగా చాలామంది దాన్ని వాడతారు. రాపిడి ఆ గుర్తు కొన దగ్గర ఆగితే సరి. ఎడమ ముందు టైరులో రాపిడి గుర్తు దాటి వేలెడంత కిందికి దిగింది. అక్కడ రబ్బరు నలిగి, వేలితో రాస్తే పొడి రాలుతోంది.

నా ఆలోచన ఇలా సాగింది: వేడి మీద ప్రెషర్ 36, అంటే ఎక్కువేం కాదు. అయినా టైరు అంచు మీదికి ఒరుగుతోంది. కాబట్టి గాలి చాలడం లేదు. ముందు రెండింటికీ 2 పీఎస్ఐ ఎక్కించాను. పునాది తప్పయితే తర్కం ఎంత శుభ్రంగా ఉన్నా తప్పు చోటికే తీసుకెళ్తుంది. నా 36 నిజమైన 36 కాదు.

మూడో సెషన్‌లో నేను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం అయింది, 36 డిగ్రీలు. రెండో ల్యాపు చివర్లోనే ముందు భాగం వదిలేయడం మొదలుపెట్టింది. పొడవాటి కుడి మలుపులో అతను స్టీరింగ్ ఇంకా తిప్పుతుంటే, వద్దని చెప్పి యాక్సిలరేటర్ కొద్దిగా వదలమన్నాను. కారు దారికి వచ్చింది కానీ అంతసేపూ బయటి గీత వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత తిన్నటి రోడ్డు మీద డ్యాష్‌బోర్డులో టైర్ల పేజీ పెట్టమన్నాను. ఆ కారులో ప్రతి చక్రం లోపలా ప్రెషర్ సెన్సర్ ఉంది.

ఎడమ ముందు 41. తర్వాతి ల్యాపులో అదే చోట 42.

తిరిగొచ్చాక గేజీ పెడితే 39. మొదట గేజీ మీదే అనుమానపడ్డాను. ఎండ తగలని, చల్లటి స్పేర్ చక్రానికి నా గేజీ, అతని గేజీ రెండూ పెట్టి చూస్తే అర పీఎస్ఐ తేడా. ఉదయం బయల్దేరే ముందు డ్యాష్ చూపించిన అంకె కూడా గేజీతో కలిసింది. కొలిచే సాధనాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆ 3 పీఎస్ఐ చల్లారే ల్యాపులోనూ, పిట్ లేన్ వరుసలోనూ పోయింది.

లెక్క

ఇక్కడ కాగితం తీశాం. టైరు లోపలి ఘనపరిమాణం పెద్దగా మారదు కాబట్టి ప్రెషర్ ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది. అయితే రెండింటినీ అసలైన సున్నా నుంచి కొలవాలి. గేజీ చూపించేది బయటి వాతావరణం కంటే ఎంత ఎక్కువో అంతే, కాబట్టి దానికి 14.7 కలపాలి. సెల్సియస్‌కు 273 కలపాలి.

ఉదయం 24 డిగ్రీల్లో 38 పెట్టాడు: 52.7, 297. ఎడమ ముందు టైరులో గాలి ట్రాక్ మీద 75 డిగ్రీలకు చేరిందనుకుంటే 348. 52.7ను 348తో గుణించి 297తో భాగిస్తే 61.7, అందులోంచి 14.7 తీసేస్తే 47. అంటే మొదటి సెషన్‌లో ఆ టైరు 47 మీద నడిచింది. నేను 43 చూశాను. 36కు దించానని అనుకున్నప్పుడు ట్రాక్ మీద అది దాదాపు 39.5. ఇంకా 2 ఎక్కించి దాన్ని 42కు చేర్చింది నేనే. 75 డిగ్రీలన్నది నా ఊహే, కానీ మూడో సెషన్‌లో డ్యాష్ చూపించిన 42 ఆ ఊహతో సరిపోయింది.

మరి ప్రెషర్ అంత ఎక్కువుంటే అంచు ఎందుకు అరిగింది? దీని జవాబు మర్నాటి దాకా దొరకలేదు.

పని చేసింది

చల్లారే ల్యాపు మానేసి నేరుగా లోపలికి రమ్మనడం మొదట తోచిన దారి. వద్దనుకున్నాం. ఆ ల్యాపు టైర్ల కోసం కాదు, బ్రేకుల కోసం. కాలిపోతున్న డిస్కులతో కారు ఆపేస్తే బ్రేక్ ఫ్లూయిడ్ మరగొచ్చు. పైగా ఆ వేడి రిమ్ములోకి ఎక్కి, నిలబడ్డ కారులో ప్రెషర్ తగ్గాల్సింది పోయి పెరగడం కూడా చూశాను. అప్పుడు గేజీ ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది.

అందుకని కొలిచే సమయాన్ని కాకుండా సవరించే పద్ధతిని మార్చాం. తిన్నటి రోడ్డు మీద నాలుగో ల్యాపులో డ్యాష్ మీది అంకె ఎంతో డ్రైవరు గుర్తుపెట్టుకోవాలి. అది 42, కావాల్సింది 35 అయితే తీయాల్సింది 7. లోపలికొచ్చాక గేజీ 39 అన్నా, 38 అన్నా సరే, అక్కడి నుంచి 7 తీయాలి. అసలు సూత్రం ప్రకారం కొన్ని దశాంశాల తేడా వస్తుంది, పట్టించుకోనక్కర్లేదు.

39 నుంచి 32కు దించుతుంటే అతని ముఖం మారింది. "రోడ్డు మీద పెట్టేదానికంటే తక్కువ సార్, అదీ వేడి టైరులో!" అన్నాడు. మొదటి ల్యాపు నెమ్మదిగా వెళ్లి, తేడాగా అనిపిస్తే వెంటనే లోపలికి రమ్మన్నాను. నాలుగో సెషన్ ఏడు ల్యాపులు. డ్యాష్ 35 దగ్గర నిలిచింది. కారు చివరి ల్యాపులోనూ మొదటి ల్యాపులాగే తిరిగింది.

సెన్సరు అంకె క్షణక్షణం మారదు. కాబట్టి మలుపు మధ్యలో చూడకూడదు, ప్రతిసారీ ఒకే చోట చూడాలి. ఇంకో మాట: కొన్ని కార్లలో టైరు లోపల సెన్సరే ఉండదు. ఏబీఎస్ చక్రాల వేగాల్లో తేడా చూసి, గాలి తగ్గినట్టుంది అని దీపం వెలిగిస్తుంది. అలాంటి కారులో ఈ పద్ధతి నడవదు. అక్కడ ఒక వేగమైన ల్యాపు కాగానే నిర్వాహకుల అనుమతితో పిట్ లేన్ మొదట్లో ఆగి, నిమిషంలో నాలుగు టైర్లూ చూసుకుని, మళ్లీ బయటికెళ్లి బ్రేకులు చల్లార్చుకోవాలి. ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయొద్దు.

సాయంత్రం గంటసేపు నీడలో ఉంచి చూస్తే ఎడమ ముందు టైరు 28.5. లెక్క కూడా దాదాపు అంతే చెప్పింది. నాలుగింటినీ స్టిక్కర్ అంకెకు నింపాకే కారును గేటు దాటనిచ్చాను. ట్రాక్ మీద తీసిన గాలితో హైవే ఎక్కడం, చల్లారిన టైరుతో, సామానుతో, గంటల తరబడి వేగంగా వెళ్లడం, ఇది నాకు భయం కలిగించే అలవాటు.

రెండో రోజు: అంచు కథ

కొన్ని వారాల తర్వాత అదే ట్రాక్, దాదాపు అదే ఉదయం వేడి. ఈసారి చల్లటి ప్రెషర్లు వెనక నుంచి లెక్కవేసి పెట్టాం. ట్రాక్ మీద ముందు రెండూ 35, వెనక రెండూ 36 కావాలంటే, ఉదయం ఎడమ ముందు 27.5, కుడి ముందు 29, ఎడమ వెనక 31, కుడి వెనక 31.5. ట్రాక్ మీద దాదాపు ఒకే ప్రెషర్ రావాలంటే చల్లగా నాలుగు వేర్వేరు అంకెలు పెట్టాలి. చల్లగా నాలుగూ సమానంగా పెట్టినవాళ్లకు వేడి మీద నాలుగు రకాలు వస్తాయి.

నీడలో పెట్టించాను కూడా. ఆ ఉదయం పక్క కారు ఎడమవైపు ఎండ పడుతోంది. దాని ఎడమ టైర్లు కుడివాటికంటే పీఎస్ఐన్నర ఎక్కువ చూపించాయి. ఆ డ్రైవరు ఎడమవైపు గాలి తీసి సమానం చేయబోతుంటే ఆపాను. సుమారు ఆరేడు డిగ్రీలకు ఒక పీఎస్ఐ మారుతుంది, ఎండకే అది చాలు.

27.5 చూసి మా డ్రైవరు, "పంక్చర్ అయిన టైరులా ఉంది సార్" అన్నాడు. నాలుగో ల్యాపులో డ్యాష్ 35.5. ఆ అర ఎక్కువ రావడం ఊహించిందే. గాలి తక్కువున్న టైరు ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడి పుడుతుంది.

ఇప్పుడు పిట్ లేన్ మొదట్లోనే ఆపి, మొట్టమొదట ఎడమ ముందు టైరుకే పైరోమీటరు పెట్టాను. లోపల 78, మధ్య 86, బయట 91. రెండు అంచుల సగటు 84.5, మధ్య 86. ప్రెషర్ సరిగ్గా ఉంది. ఎక్కువుంటే మధ్య భాగం ఉబ్బి ఆ సగటును బాగా దాటిపోతుంది, తక్కువుంటే వెనకబడుతుంది. కానీ బయటి అంచు లోపలికంటే 13 డిగ్రీలు ఎక్కువ. దీన్ని గాలితో సరిచేయలేం. మలుపులో కారు ఒరిగినప్పుడు మెక్‌ఫర్సన్ స్ట్రట్ చక్రాన్ని రోడ్డుకు నిలువుగా ఉంచలేదు, చక్రం బయటికి వాలుతుంది. దానికి విరుగుడు ముందే లోపలికి వంచి ఉంచే క్యాంబర్. ఈ కారులో అది మైనస్ 0.7 డిగ్రీలే.

అంటే మొదటి రోజు ఆ టైరుకు రెండు జబ్బులు. గాలి ఎక్కువై పట్టు పోయింది, క్యాంబర్ చాలక అంచు అరిగింది. రెండో జబ్బు లక్షణం చూసి మొదటి జబ్బును పెంచే మందు వేశాను. అంచు అరిగితే గాలి తక్కువ అన్నది క్యాంబర్ సరిపడా ఉన్న కారుకే వర్తిస్తుంది.

స్ట్రట్‌ను హబ్‌కు బిగించే బోల్టుల్లో పైదాన్ని క్యాంబర్ బోల్టుతో మార్పించి, మైనస్ 1.7 తెప్పించాడు. క్యాంబర్ కదిలితే టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా కదులుతుంది కాబట్టి అలైన్‌మెంట్ మళ్లీ చేయించమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతి ట్రాక్ డేలో అదే 35 దగ్గర లోపల 88, మధ్య 86, బయట 83. రాపిడి త్రికోణం కొన దగ్గర ఆగింది. ఆ కుదురు వచ్చాక 33 కూడా ప్రయత్నించాం. స్టీరింగ్ తిప్పాక కారు కదలడానికి ఒక క్షణం ఆలోచించుకుంటున్నట్టు అనిపించింది. 37 పెడితే ఐదో ల్యాపులో పాత జారుడు లీలగా కనిపించింది. 35కే తిరిగొచ్చాం.

వెనక టైర్లలో 40 పెడితే కారు ఇంకా బాగా తిరుగుతుందట కదా అని అడిగాడు. తిరుగుతుంది, నిజమే. ముందు చక్రాలతో నడిచే కారులో వెనక టైర్లు వేడెక్కడానికి రెండు మూడు ల్యాపులు పడుతుంది. ఆలోపు మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. ఇంకో పది ట్రాక్ డేలు అయ్యాక చూద్దాం అన్నాను.

ఈ మధ్య టైర్లు మార్చాడు, వేరే కంపెనీవి. ఉదయాన్నే నోటుపుస్తకం తెరిచి 27.5 పెట్టబోయి ఆగాడట. కొత్త కంపెనీ చార్టులో ఈ బరువుకు కనీసం ఎంత ఉండాలో చూసుకుని, 30తో మొదలుపెట్టి, నాలుగో ల్యాపులో తిన్నటి రోడ్డు మీద డ్యాష్ చూసి నాకు ఫోన్ చేశాడు. "38 వచ్చింది సార్. 3 తీసేశాను. గేజీ ఎంత చూపించిందో మాత్రం అడక్కండి, రాసుకోలేదు."